సైకిల్ చైను ఎన్నాళ్ళు వస్తుంది, ఎలా చూసుకోవాలి: ఉప్పుగాలి, రేగడి దారుల్లో తొక్కేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

"అన్నా, కొత్త చైను వేయించి ఏడాది కూడా కాలేదు, మళ్ళీ జారిపోతా ఉండాది. దుకాణంలో నాసిరకం అంటగట్టారంటావా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. నెల్లూరు దగ్గర మైపాడు, ఒంగోలు దగ్గర కొత్తపట్నం లాంటి తీరం ఊళ్ళ నుంచి అయితే మరీ ఎక్కువ. వెళ్ళి సైకిలు చూస్తే చాలాసార్లు చైను మంచిదే. నూనె కూడా వేసే ఉంటారు, ధారాళంగానే. కానీ ఆ నూనె చైను పైన ఉంటుంది, నూనె ఉండాల్సిన లోపలి చోట ఇసుక ఉంటుంది.

ఆ ఒక్క తప్పు దిద్దుకుంటే చైను ఆయుష్షు రెట్టింపు అవడం నేను చాలా సైకిళ్ళలో చూశాను. గేర్లు లేని మామూలు సైకిలును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. గేర్ల సైకిలుకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

1. అరిగేది ఏమిటో ముందు కళ్ళారా చూడండి

చైను సాగింది అంటాం గానీ, నిజానికి ఆ ఉక్కు పలకలు సాగవు. ప్రతి కీలు దగ్గర ఒక పిన్ను, దాన్ని పట్టుకునే గూడు, పైన తిరిగే రోలరు ఉంటాయి. తొక్కినప్పుడల్లా పిన్ను ఆ గూటిలో ఒరుసుకుంటుంది. అక్కడ వెంట్రుకవాసి సందు పడుతుంది.

ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ఒక్కో కీలు దగ్గర 0.1 మి.మీ. మాత్రమే అరిగిందనుకుందాం. చైనులో 110 కీళ్ళుంటే మొత్తం మీద 11 మి.మీ. పొడవు పెరుగుతుంది. మనం "సాగింది" అనేది దీన్నే.

ఏ సైకిలు షాపులోనైనా మూలన పాత చైను ముక్కలు పడి ఉంటాయి. ఒకటి అడిగి తెచ్చుకుని, ఒక పిన్ను ఊడగొట్టించి తెల్లకాగితం మీద పెట్టి చూడండి. రెండు కొసలూ గుండ్రంగా, నున్నగా ఉంటాయి. నడుము దగ్గర మాత్రం ఒక వైపు సన్నగా తినేసి ఉంటుంది. గోరు పెట్టి జరిపితే ఆ మెట్టు దగ్గర గోరు ఆగుతుంది. కాగితం మీద ఎర్రగా, నల్లగా ఒక ముద్ద అంటుకుంటుంది. దాన్ని వేళ్ళ మధ్య నలిపితే గరగరమంటుంది. అది తుప్పు, ఇసుక, పాత నూనె కలిసిన ముద్ద. పిన్నును తినేసింది అదే.

ఈ ముద్ద బయటి నుంచి కనపడదు. అందుకే పైన తళతళలాడే చైను కూడా లోపల అయిపోయి ఉండొచ్చు. పైన కాస్త మాసిన చైను లోపల నిక్షేపంగా ఉండొచ్చు.

2. ఇంతకీ ఎన్నాళ్ళు వస్తుంది?

నెలల్లో కాదు, కిలోమీటర్లలో లెక్కపెట్టండి. గేర్ల సైకిలు చైను సాధారణంగా 3,000 నుంచి 5,000 కి.మీ. వస్తుంది. గేర్లు లేని సైకిలు చైను వెడల్పుగా ఉంటుంది, అడ్డంగా వంగే పని ఉండదు. కాబట్టి బాగా చూసుకుంటే అంతకంటే ఎక్కువే వస్తుంది. రెండు వైపులా మూసిన పూర్తి కవరు ఉంటే ఇంకా మంచిది.

అదే చైను ఇసుక దారిలో, నూనె చూడకుండా తిరిగితే 1,500 కి.మీ.కే పోయిన సందర్భాలున్నాయి.

ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల మీద పనికి రోజుకు 16 కి.మీ. తొక్కే మనిషిని తీసుకోండి. నెలకు 25 రోజులు పని ఉంటే 400 కి.మీ. పది నెలల్లో 4,000 కి.మీ. అతని చైను "ఏడాది కూడా రాలేదు" అంటే అది చెడ్డ చైనని అర్థం కాదు. ఊళ్ళో బడికి రోజుకు 3 కి.మీ. తొక్కే పిల్ల చైను నాలుగేళ్ళు వచ్చిందంటే అది గొప్ప చైనని కూడా కాదు.

మన వైపు చైనును తొందరగా తినేసేవి నాలుగు:

- తీరం ఊళ్ళలో ఉప్పుగాలి. ఉప్పు గాలిలోని చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి సైకిలు కదలకుండా ఉన్నా రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.
- సముద్రపు ఇసుక. ఇది నూనెతో కలిస్తే సానపట్టే ముద్దే.
- చీమకుర్తి చుట్టుపక్కల రాతిపొడి. పిండిలా మెత్తగా కనిపిస్తుంది గానీ కీళ్ళలో చేరితే ఆకురాయి పెట్టి రుద్దినట్టే.
- వానల్లో రేగడి మట్టి. చైనుకు, పళ్ళకు మధ్య పట్టి ఎండితే గట్టిగా బిగుస్తుంది.

3. కొలిచి చూసుకోవడం

చేతికి టేపు దొరికితే చాలు. మూడు నిమిషాల పని.

1. సైకిలును వెనక స్టాండు మీద పెట్టండి. చైను కవరు అడ్డమైతే దాని స్క్రూలు విప్పండి.
2. వెనక చక్రాన్ని ఒకరు కదలకుండా పట్టుకుంటే, మీరు పెడల్‌ను ముందుకు కొద్దిగా నొక్కండి. పైవైపు చైను బిగుతుగా నిలుస్తుంది. వదులుగా ఉన్న చైనును కొలిస్తే లెక్క తప్పుతుంది.
3. టేపు కొక్కెం ఎప్పుడూ కాస్త కదులుతుంది. అందుకని కొస నుంచి కాకుండా 1 అంగుళం గీతను ఒక పిన్ను నడిమధ్యన పెట్టండి.
4. అక్కడి నుంచి 24వ పిన్ను దగ్గరికి రండి. మొదటి పిన్నును సున్నాగా లెక్కపెట్టాలి.
5. కొత్త చైనుకు ఆ పిన్ను నడిమి సరిగ్గా 13 అంగుళాల గీత మీద ఉంటుంది. ఎంత దాటిందో చూడండి.

అంగుళంలో ఎనిమిదో వంతును మన మేస్త్రీలు, వడ్రంగులు నూలు అంటారు. చైనుకు ఈ కొలత చక్కగా అతుకుతుంది.

- గీత మీదే ఉంటే, లేదా అర నూలు లోపు దాటితే: ఫరవాలేదు, వాడుకోండి.
- అర నూలు దాటితే: గేర్ల సైకిలుకు చైను మార్చే వేళ అయింది. 11, 12 గేర్ల చక్రాలున్న వాటికి ఇక ఆలస్యం చేయకండి.
- ఒక నూలు దాటితే: గేర్లు లేని సైకిలుకైనా మార్చాల్సిందే.

శాతాల్లో చెప్పాలంటే అర నూలు అంటే సుమారు 0.5, నూలు అంటే సుమారు 1.

టేపు లేకపోతే ఇంకో గుర్తు ఉంది. ముందు పళ్ళ చక్రానికి అన్నిటికంటే ముందున్న చోట చైనును రెండు వేళ్ళతో పట్టి ముందుకు లాగండి. పన్ను సగం కంటే ఎక్కువ బయటికి కనిపిస్తే చైను బాగా అరిగిందని అర్థం. ఇది మోటు లెక్క, తేడా వస్తే టేపునే నమ్మండి.

ఒక నూలు దాటాక కూడా "నడుస్తోంది కదా" అని వదిలేస్తే ఏమవుతుందో వినండి. పొడవు పెరిగిన చైను పళ్ళ మధ్య గుంటలో కూర్చోక పన్ను పైకి ఎక్కి లాగుతుంది. పన్ను ఒక వైపు అరిగి కొడవలి మొనలా వంగుతుంది. అప్పుడు చైనుతో పాటు ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ళ చక్రం), ఒక్కోసారి ముందు పళ్ళ చక్రం కూడా మార్చాలి. సమయానికి చైను ఒక్కటి మారిస్తే పోయేదానికి మూడు వస్తువులు కొంటాం.

4. సిద్ధం చేసుకోవాల్సినవి

- పాత నూలుబట్ట ముక్కలు నాలుగైదు. చిరిగిన బనియన్లు, లుంగీ ముక్కలు బాగా పనికొస్తాయి.
- వాడేసిన టూత్‌బ్రష్షులు రెండు. ఒకటి పొడి పనికి, ఇంకొకటి తడి పనికి.
- వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా, గట్టి మూతతో.
- డీజిల్ లేదా కిరోసిన్, చైను మూడు సార్లు మునిగేంత. కిరోసిన్ ఇప్పుడు అంత సులువుగా దొరకదు, డీజిల్ చాలు.
- సన్నని ముక్కున్న నూనె డబ్బా. లేకపోతే సూది తీసేసిన సిరంజి.
- ముక్కు పట్టుకారు, వెనక చక్రం నట్లకు సరిపడే పానా.
- నేలమీద పరచడానికి పాత గోనెసంచి.

పెట్రోలు మాత్రం వాడకండి. ఆవిరే అంటుకుంటుంది. డీజిల్ తడిసిన గుడ్డలను వంటింటి దరిదాపుల్లో పెట్టకండి.

5. శుభ్రం చేయడం

రెండు రకాలు. వారం వారం చేసేది ఒకటి, అవసరమైతేనే చేసేది ఇంకొకటి. చాలామంది మొదటిది మానేసి రెండోదే ఏడాదికోసారి చేస్తారు. నిజానికి చైనును కాపాడేది మొదటిదే.

వారానికోసారి తుడవడం ఇలా:

1. స్టాండు వేసి, పొడి బ్రష్షుతో చైను మీది ఇసుక, గడ్డిపోచలు దులపండి. ఫ్రీవీలు పళ్ళ సందుల్లో చిక్కుకున్న వరిగడ్డిని లాగేయండి.
2. పొడిగుడ్డతో కింది వైపు చైనును రెండు వేళ్ళతో మెత్తగా పట్టండి. రెండో చేత్తో పెడల్‌ను వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పితే చక్రం తిరగదు, చైను మాత్రమే గుడ్డలోంచి జారుతుంది. 20 చుట్లు చాలు.
3. గుడ్డ మడత మార్చి ఇంకో 20 చుట్లు.

ముందుకు తిప్పుతూ తుడవకండి. గుడ్డ పళ్ళకు, చైనుకు మధ్య చిక్కితే వేలు కూడా వెళ్ళిపోతుంది. వేలి కొస పోగొట్టుకున్న మనిషిని నేను చూశాను. ఈ పని చేసేటప్పుడు చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇక లోతుగా కడగడం. చైను తిరుగుతుంటే కరకర శబ్దం వస్తున్నా, సముద్రం ఒడ్డున ఇసుకలో తొక్కినా, వరద నీళ్ళలో మునిగినా దీని అవసరం పడుతుంది.

1. చైను లాక్, అంటే చైను రెండు కొసలను కలిపే క్లిప్పు ఉన్న లింకును వెతికి, దాన్ని ముందు పళ్ళ చక్రం దగ్గరికి తెచ్చుకోండి. ముక్కు పట్టుకారుతో క్లిప్పును జరిపి తీయండి. క్లిప్పు, పలక, లింకు మూడూ ఒక చిన్న గిన్నెలో వేయండి. క్లిప్పు ఎగిరి మట్టిలో పడితే దొరకదు.
2. చైనును డబ్బాలో వేసి మునిగేదాకా డీజిల్ పోయండి. మూత బిగించి రెండు నిమిషాలు గట్టిగా ఊపండి. పది నిమిషాలు ఆగి మళ్ళీ ఊపండి.
3. ఆ డీజిల్‌ను వేరే సీసాలోకి వంచి, కొత్త డీజిల్ పోసి మళ్ళీ ఊపండి. మురికి తగ్గేదాకా ఇంతే. మామూలుగా మూడు సార్లు సరిపోతుంది.
4. సబ్బునీళ్ళతో కడిగి డీజిల్ జిడ్డు వదిలించండి. తర్వాత మంచినీళ్ళతో కడగండి.
5. గుడ్డతో తుడిచి గంటసేపు ఎండలో వేలాడదీయండి. కీళ్ళలో నీళ్ళు మిగిలితే నూనె లోపలికి పోదు.

ఇక్కడ తీరం ఊళ్ళవాళ్ళకు ఒక మాట. చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో చైను కడిగితే ఉప్పు వదలదు సరికదా, ఇంకా ఎక్కిస్తాం. తాగే నీళ్ళ డబ్బాలోంచి ఒక చెంబు తీసి వాడండి. ఒక చెంబుకు వెనకాడకండి.

మురికి డీజిల్‌ను పారబోయకండి. సీసాను ఒక రోజు కదలకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరుతుంది. పై తేటను వంచుకుని మళ్ళీ వాడుకోవచ్చు. అడుగున మిగిలిన మడ్డిని కాలువల్లో, చెరువుల్లో కలపవద్దు.

చైను విప్పకుండానే సైకిలు మీద డీజిల్ పోసి కడుగుతారు కొందరు. ఆ డీజిల్ ఫ్రీవీలు లోపలికి, చక్రం ఇరుసులోకి పోయి అక్కడి గ్రీజును కరిగిస్తుంది. అటు చైను శుభ్రమయ్యేలోపు ఇటు ఇరుసు పాడవుతుంది.

కొత్తగా కొన్న చైనును మాత్రం ఇలా కడగకండి. ఫ్యాక్టరీలో కీళ్ళలోకి ఎక్కించిన గ్రీజు మనం వేసే ఏ నూనె కంటే బాగా నిలుస్తుంది. పైన జిగటను మాత్రం పొడిగుడ్డతో తుడిచి వాడుకోండి.

6. నూనె వేయడం

నూనె ఎక్కడికి పోవాలో ఇప్పటికి మీకు తెలుసు. పిన్ను ఉన్న గూటిలోకి. అక్కడికి దారి రోలరు పక్కన పలకల మధ్య ఉన్న సన్నని సందు. పైన ధారగా పోసింది ఆ సందులోకి పోయేది కొద్దిగానే. మిగిలినదంతా దుమ్మును పిలుస్తుంది.

1. ఈ పని సాయంత్రం ఇంటికొచ్చాక చేయండి. పొద్దున బయల్దేరే ముందు వేస్తే నూనె లోపలికి ఇంకేలోపే దుమ్ము అంటుతుంది.
2. వెనక చక్రం రిమ్ముకు పాత గుడ్డ చుట్టండి. రిమ్ముకు నూనె తగిలితే బ్రేకు పట్టదు, అది ప్రాణం మీదికి వస్తుంది.
3. చైను లాక్ దగ్గర మొదలుపెట్టండి. మళ్ళీ అదే లాక్ వచ్చిందంటే ఒక చుట్టు పూర్తయినట్టు.
4. కింది వైపు చైను మీద, లోపలి వైపు నుంచి ఒక్కో రోలరుకు ఒక్కో చుక్క వేస్తూ పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పండి. వంద పైచిలుకు చుక్కలు పడతాయి. ఐదు నిమిషాల ఓపిక కావాలి.
5. పెడల్‌ను 30 చుట్లు వెనక్కి తిప్పండి. చుక్క సందులోకి జారి, రోలరు చుట్టూ సన్నని తడి అంచు కనిపించడం గమనించండి. అలా కనిపిస్తే నూనె దారి పట్టినట్టే.
6. రాత్రంతా వదిలేయండి.
7. పొద్దున్నే పొడిగుడ్డతో చైను పైభాగమంతా గట్టిగా తుడవండి.

ఏడోది మానకండి. వేసిన నూనెను తుడిచేయడమేమిటి, దండగ కదా అంటారు. తుడిచేది పైన ఉన్నదాన్ని, లోపలిది ఎక్కడికీ పోదు. తుడిచాక వేలితో ముట్టుకుంటే సన్నని మరక పడాలి, జిగట అంటకూడదు.

ఎన్నాళ్ళకోసారి? పొడి రోజుల్లో 150 నుంచి 200 కి.మీ.కి ఒకసారి, లేదా రెండు వారాలకు ఒకసారి. వానలో తడిస్తే ఆ రోజే. కిర్రుమని చప్పుడు మొదలైందంటే ఇప్పటికే ఆలస్యమైంది.

7. ఏ నూనె?

సైకిలు చైను కోసమే చేసిన నూనె నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్ళలో గేర్ల సైకిళ్ళు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. అందులో పొడి దారులకు ఒక రకం, వానకు ఒక రకం ఉంటాయి. ఎండాకాలంలో మొదటిది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండోది వాడండి.

దొరకని ఊళ్ళో ఇలా చేసుకోండి. కొత్త ఇంజన్ ఆయిల్ ఒక వంతు, రంగుల్లో కలిపే టర్పెంటైన్ మూడు వంతులు కలపండి. పల్చగా ఉంటుంది కాబట్టి సందుల్లోకి జారుతుంది. తర్వాత టర్పెంటైన్ ఆవిరై, చిక్కని నూనె లోపల మిగులుతుంది. బయట గాలిలో కలపండి, దగ్గర బీడీ కూడా వెలిగించకండి.

మిగిలినవాటి సంగతి:

- కుట్టుమిషన్ నూనె: లోపలికి బాగా పోతుంది, ఎక్కువ రోజులు నిలవదు. వారానికోసారి వేయగలిగితే ఫరవాలేదు.
- చిక్కని ఇంజన్ ఆయిల్ ఉన్నదున్నట్టు: సందులోకి పోవడం కష్టం, పైన దుమ్ము పట్టుకుంటుంది. వానాకాలంలో తప్పదనుకుంటే వేసి, బాగా తుడవండి.
- గ్రీజు: బయట పూస్తే లోపలికి పోదు. ఇసుకను పట్టి ఉంచుతుంది.
- కొబ్బరినూనె, వేరుశనగ నూనె: కొన్నాళ్ళకు జిగురవుతాయి. కీళ్ళు బిగుసుకుంటాయి.
- డబ్ల్యూడీ-40: తడిని తరిమేయడానికి, తుప్పు వదిలించడానికి మంచిది. అది కొట్టి తుడిచాక అసలు నూనె వేయాలి. అదొక్కటే కొట్టి ఊరుకుంటే చైను కొద్ది రోజుల్లోనే ఎండిపోతుంది.
- వాడేసిన ఇంజన్ ఆయిల్: వద్దే వద్దు.

చివరిదాన్ని గురించి గట్టిగా చెప్పడానికి కారణముంది. చదువుకునే రోజుల్లో ఒక షెడ్డు నుంచి ఉచితంగా తెచ్చి, నాన్న సైకిలుకు నెలనెలా పోసేవాణ్ణి. చైను నల్లగా నిగనిగలాడేది. ఏడాది తిరక్కుండానే పళ్ళు అరిగాయి. ఆ నూనెలో ఇంజను లోపల అరిగిన లోహపు పొడి, మసి ఉంటాయి. నేను నూనె పోస్తున్నాననుకుని చైనుకు అరుగుదల మందు పోశాను. ఇప్పటికీ చాలామంది అదే చేస్తున్నారు, ఉచితమని.

8. చైను టెన్షన్ సరిచేయడం

గేర్లు లేని సైకిలుకే ఈ పని. గేర్లున్నవాటికి చైనును బిగించే స్ప్రింగు చేయి వెనకే ఉంటుంది.

కింది వైపు చైనును మధ్యలో వేలితో పైకి, కిందికి ఆడించండి. మొత్తం కదలిక సుమారు అర అంగుళం, అంటే నాలుగు నూళ్ళు ఉండాలి. ఎక్కువైతే చైను పడిపోతుంది. తక్కువైతే పెడల్ బరువెక్కుతుంది, ఇరుసుల్లో గోళీలు అరుగుతాయి. రెండింటిలో బిగుతే ఎక్కువ నష్టం.

1. వెనక చక్రానికి రెండు వైపులా ఉన్న నట్లను వదులు చేయండి. పూర్తిగా విప్పొద్దు.
2. చక్రాన్ని వెనక్కి లాగి చైను కదలికను చూడండి.
3. చైను ఉన్న వైపు నట్టును ముందు బిగించండి.
4. రిమ్ము రెండు వైపుల ఫ్రేము గొట్టాల మధ్య సరిగ్గా నడిమధ్య ఉండేలా చక్రాన్ని జరిపి, రెండో నట్టు బిగించండి.
5. పెడల్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పుతూ నాలుగైదు చోట్ల చైను కదలికను చూడండి. ముందు పళ్ళ చక్రం ఎంతో కొంత వంకర ఉంటుంది కాబట్టి, ఒక చోట బిగుతుగా, ఒక చోట వదులుగా ఉంటుంది. అన్నిటికంటే బిగుతైన చోట కూడా కాస్త కదలిక ఉండాలి.
6. చక్రం జరిగింది కాబట్టి బ్రేకు కట్టలు రిమ్ముకు సరిగా తగులుతున్నాయో లేదో చూసుకోండి. ఇది మరిచిపోయి రోడ్డెక్కకండి.

చక్రం గాడిలో చివరిదాకా వచ్చేసి ఇంకా వదులుగానే ఉందంటే, చైను నుంచి ఒక జత లింకులు తీసేయడం పరిష్కారం కాదు. అంత దూరం వచ్చిందంటే చైను అయిపోయింది. టేపు పెట్టి చూడండి.

9. కొత్త చైను వేసేటప్పుడు

కొనేటప్పుడు మామూలు సైకిలా, గేర్లదా చెప్పండి. గేర్లదైతే వెనక ఎన్ని పళ్ళ చక్రాలున్నాయో లెక్కపెట్టి చెప్పండి. గేర్లు పెరిగేకొద్దీ చైను సన్నబడుతుంది. 8 చక్రాల చైను 11 చక్రాల సైకిలుకు ఎక్కదు.

పొడవు కొలవడానికి పాత చైనును పక్కన పరిచి చూడకండి, లింకులు లెక్కపెట్టండి. 110 లింకుల చైను నూలు లెక్కన అరిగితే దాని పొడవు దాదాపు 14 మి.మీ. పెరిగి ఉంటుంది, అంటే ఒక లింకు కంటే ఎక్కువ. పక్కన పెట్టి కోస్తే కొత్త చైను పొడవు తప్పుతుంది.

చైనును ఫ్రీవీలు మీదుగా వేసి, రెండు కొసలనూ ముందు చక్రం పళ్ళ మీద కలపండి. పళ్ళే కొసలను పట్టుకుంటాయి, రెండో మనిషి అక్కర్లేదు. లాక్ లింకు దూర్చి, పలక పెట్టి, క్లిప్పు వేయండి. క్లిప్పుకు మూసి ఉన్న కొస చైను కదిలే దిక్కుకు ఉండాలి. పైవైపు చైను మీద చూస్తే మూసిన కొస ముందుకు, చీలిక వెనక్కి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది.

కొత్త చైను వేశాక బలంగా తొక్కితే టక్కున జారుతోందంటే పాత ఫ్రీవీలు పళ్ళు అరిగినట్టు. ఒక దుకాణంలో నాకు తెలిసిన పాలబ్బాయికి ఇలాగే జరిగితే, "కొత్తది కదా, సర్దుకుంటుంది" అని పంపించేశారు. పెన్న వంతెన ఎక్కుతుంటే చైను జారి, రెండు క్యాన్ల పాలు రోడ్డు పాలయ్యాయి. జారుడు దానంతటదే సర్దుకోదు. ఫ్రీవీలు మార్చాల్సిందే.

10. ఇబ్బంది, కారణం, మందు

కిర్రు కిర్రుమంటోంది: కీళ్ళు ఎండిపోయాయి. తుడిచి, చుక్క చుక్క నూనె.

కరకరమంటోంది: లోపల ఇసుక. దాని మీద నూనె పోయొద్దు, విప్పి కడగండి.

పెడల్ చుట్టుకోసారి ఒకే చోట టక్కుమంటోంది: ముందు చక్రం పన్ను వంగి ఉండొచ్చు, పెడల్ చేతిని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను వదులై ఉండొచ్చు. అన్నిసార్లూ చైను మీద నింద వేయకండి.

టక్కుమనడం పెడల్ చుట్టుతో కలవకుండా వస్తోంది: ఒక లింకు బిగుసుకుంది. పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ ఫ్రీవీలు దాటేచోట చూడండి, ఆ లింకు వంగిన మోకాలిలా అలాగే నిలబడుతుంది. అక్కడ నూనె చుక్క వేసి, రెండు చేతులతో పట్టి అటూ ఇటూ పక్కకు మెల్లగా వంచండి. రెండు మూడు సార్లకు వదులవుతుంది.

చైను పడిపోతోంది: ముందు టెన్షన్ చూడండి, తర్వాత చక్రం వంకరగా బిగించారేమో చూడండి, ఆ తర్వాత అరుగుదల కొలవండి.

ఎర్రగా తుప్పు పట్టింది: పైపైన అయితే డీజిల్ గుడ్డతో రుద్ది నూనె వేస్తే చాలు. లింకులు వంగనంతగా పట్టుకుపోతే దాని మీద శ్రమ వద్దు, మార్చేయండి.

11. మన కాలాలను బట్టి

ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తె గాలిదుమారాల్లో, నూనె తక్కువ, తుడవడం ఎక్కువ. కనిగిరి, పామూరు వైపు మట్టి దారుల్లో తొక్కేవాళ్ళు వారానికి రెండు సార్లు పొడిగుడ్డ పెట్టండి.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తడిసి ఇంటికొచ్చాక సైకిలును అలాగే గోడకు ఆనించకండి. చైను తుడిచి, నాలుగు చుట్లు తిప్పి, నూనె చుక్కలు వేసి పడుకోండి. తెల్లారి చేద్దాం అనుకుంటే తెల్లారేసరికి ఎర్రబడి ఉంటుంది. రేగడి పట్టుకుంటే తడిగా ఉన్నప్పుడే పుల్లతో గీకేయండి, ఎండాక రాయవుతుంది.

తీరంలో, చెరువుల గట్ల మీద పనిచేసేవాళ్ళకు కాలంతో పనిలేదు. రోజూ సాయంత్రం మంచినీళ్ళలో పిండిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. ఇది రెండు నిమిషాల పని. వారానికోసారి నూనె.

12. సైకిలును కొన్నాళ్ళు మూలన పెట్టేటప్పుడు

పిల్లలు హాస్టలుకు వెళ్ళినప్పుడు, పెద్దలు ఊరెళ్ళినప్పుడు సైకిలు నెలల తరబడి వసారాలో ఉండిపోతుంది. వాడని చైను పాడవదనుకుంటాం. ఉప్పుగాలి ఉన్న ఊళ్ళో వాడని చైనే ముందు పోతుంది.

- ముందు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, కీలు కీలుకూ నూనె వేయండి.
- ఈ ఒక్కసారికి పైన తుడవకండి. ఆ పొరే చెమ్మను ఆపుతుంది.
- సముద్రం వైపు గాలి తగలని గదిలో, నేల చెమ్మ అంటకుండా చెక్క మీద నిలబెట్టండి.
- ప్లాస్టిక్ పట్టా బిగుతుగా కప్పకండి, లోపల చెమట పడుతుంది. పాత దుప్పటి కప్పండి.
- ఇంట్లో ఉన్నవాళ్ళతో నెలకోసారి పెడల్‌ను పది చుట్లు వెనక్కి తిప్పించండి.
- మళ్ళీ తీసిన రోజు, రోడ్డెక్కక ముందే ఆ జిగట పొరనంతా తుడిచేసి, టెన్షన్, బ్రేకులు చూసుకోండి.